మైకేల్ ఓవెన్ కెరీర్‌ను ఆ ఒక్క హామ్‌స్ట్రింగే ముంచిందా?

మీరు అడిగినవి మూడు. 1999లో తగిలిన హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) గాయంతోనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ స్ట్రైకర్ మైకేల్ ఓవెన్ పని అయిపోయిందని అందరూ అంటుంటారు, అది నిజమేనా? అంత చిన్న వయసులో, ఏటా ఉత్తమ ఫుట్‌బాలర్‌కి ఇచ్చే బాలన్ డోర్ గెలిచినవాడు పాతికేళ్లు దాటేసరికి ఎందుకలా వెనకబడిపోయాడు? మీ అబ్బాయికి పదహారేళ్లు, స్ట్రైకర్, వేగమే వాడి బలం, నెల కిందట తొడ వెనక పట్టేసింది, వాడికీ ఇదే గతి పడుతుందా?

సూటిగా చెప్తాను. ఆ గాయం ఓవెన్ ఆడే తీరును మార్చింది కానీ గోల్స్‌ను ఆపలేదు. ఆ తర్వాత కూడా ఐదేళ్లు అదే జోరుతో కొట్టాడు. అతన్ని నిజంగా పడేసినవి 2005 చివర్లో విరిగిన పాదం, ఆర్నెల్లు తిరక్కుండా 2006లో తెగిన మోకాలి లిగమెంట్. ఆ రెండింటి తర్వాత అతనికి మునుపటిలా ఆడటానికి మ్యాచ్‌లు దొరకలేదు. ఇక మీ అబ్బాయి విషయం అంటారా, ఒక్కసారి పట్టేసినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. అయితే వాడు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడుతున్నాడో, ఆ గాయం పూర్తిగా మానిందో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

నేను స్పోర్ట్స్ ఫిజియోని. హైదరాబాద్‌లో కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్లతో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఓవెన్ కాలుకి నేనేం చికిత్స చేయలేదు కాబట్టి అతని గురించి చెప్పేదంతా అందరికీ తెలిసిన వివరాల మీద, అతనే బయటికి చెప్పిన మాటల మీద ఆధారపడి చెప్తున్నదే. కుర్రాళ్ల తొడల గురించి చెప్పేది మాత్రం నా చేతుల మీదుగా వెళ్లిన కేసుల నుంచి.

గాయం కంటే ముందు, దానికి దారి తీసిన రెండేళ్లు చూడండి. ఓవెన్ పుట్టింది 1979 డిసెంబర్ 14న, చెస్టర్‌లో. తండ్రి టెర్రీ ఓవెన్ కూడా ప్రొఫెషనల్ ఆటగాడే. 1997 మే 6న వింబుల్డన్ మీద లివర్‌పూల్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగి మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు, అప్పటికి పదిహేడేళ్లు. మరుసటి నెల మలేసియాలో అండర్-20 ప్రపంచకప్. తిరిగొచ్చి 1997-98లో లివర్‌పూల్‌కి అన్ని పోటీల్లో కలిపి 44 మ్యాచ్‌లు. లీగ్‌లో 18 గోల్స్‌తో టాప్ స్కోరర్లలో ఒకడు. 1998 ఫిబ్రవరిలో చిలీ మీద ఇంగ్లండ్ జట్టులో తొలి మ్యాచ్, జూన్‌లో ఫ్రాన్స్‌లో ప్రపంచకప్. ఆగస్టు వచ్చేసరికి మళ్లీ కొత్త సీజన్.

ఇందులో ఒక సంగతిని చాలామంది పట్టించుకోరు. అదే ఫిబ్రవరిలో ఎవర్టన్‌తో మ్యాచ్‌లో లివర్‌పూల్ ఇంకో స్ట్రైకర్ రాబీ ఫౌలర్‌కి మోకాలు పోయింది. (అవును, 2020లో ఈస్ట్ బెంగాల్‌కి కోచ్‌గా వచ్చిన ఫౌలరే.) దాంతో ఓవెన్‌ని కూర్చోబెట్టడానికి పక్కన అదే స్థాయి స్ట్రైకర్ లేకుండా పోయాడు. ఇందుకు నేను ఎవర్నీ తప్పుపట్టను. కుర్రాడు వారం వారం గోల్స్ కొడుతుంటే ఏ కోచ్ పక్కన కూర్చోబెడతాడు? మన దగ్గర కూర్చోబెడతారా?

ఆ వయసులో అతను ఎలా పరుగెత్తేవాడో చూడాలంటే 1998 జూన్ 30న సెయింట్ ఎటియెన్‌లో అర్జెంటీనా మీద కొట్టిన గోల్ చూడండి. మీరు ఇప్పటికే చూసి ఉంటారు, కానీ ఈసారి బంతిని వదిలేసి కాళ్లు చూడండి. మైదానం మధ్య నుంచి సహచరుడు బెక్‌హామ్ పాస్ ఇస్తాడు. ఓవెన్ దాన్ని కుడికాలి బయటి అంచుతో ముందుకి తోస్తాడు. ఆ తోపులో అడుగు చిన్నది అవ్వదు, వేగం ఒక్క పిసరు తగ్గదు. అర్జెంటీనా డిఫెండర్ ఛామో పక్క నుంచి భుజంతో నెట్టినా ఆగడు. ఎదురుగా ఇంకో డిఫెండర్ అయాలా వెనక్కి వెనక్కి నడుస్తుంటే, పూర్తి వేగంలోనే కుడివైపు కోసుకుని వెళ్లి గోల్‌కీపర్‌కి అందకుండా అవతలి మూలకి, పైకి కొడతాడు. ఒక ఫిజియోగా నాకు అక్కడ కనిపించేది ఏమిటంటే, పూర్తి వేగంలో ఉండగా కాలు ముందుకి చాచి, నేల తాకే ముందు దాన్ని వెనక్కి లాగే ఆ క్షణం. హామ్‌స్ట్రింగ్ ఎక్కువగా చిరిగేది సరిగ్గా అక్కడే. కండరం బాగా సాగి ఉంటుంది, అదే సమయంలో బ్రేక్ కూడా వేస్తుంటుంది. ఓవెన్ ఆట మొత్తం ఆ క్షణం మీద నిలబడింది.

1999 ఏప్రిల్ 12న లీడ్స్ మైదానం ఎలాండ్ రోడ్‌లో ఆ హామ్‌స్ట్రింగ్ తెగింది. ఎవరూ తన్నలేదు, ఎవరూ తగల్లేదు. పరుగు అందుకున్నాడు, అంతే. అతనికి పందొమ్మిదేళ్లు. ఆ సీజన్ అక్కడితో సరి, అయినా లీగ్‌లో 18 గోల్స్‌తో మళ్లీ టాప్ స్కోరర్లలో నిలిచాడు. టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) ఊడింది కానీ దాన్ని ఆపరేషన్ చేసి మళ్లీ అతికించలేదు. తొడ వెనక హామ్‌స్ట్రింగ్ అని మనం ఒక్క మాటలో అనేది నిజానికి మూడు కండరాలు. ఓవెన్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం అప్పటి నుంచి ఒక కాలికి మూడు, ఇంకో కాలికి రెండే పని చేశాయి. ఆ రోజు నుంచే తను మునుపటి ఆటగాడిని కాదని చాలాసార్లు అన్నాడు.

ఇప్పుడు అంకెలకి వద్దాం. లివర్‌పూల్ లీగ్ మ్యాచ్‌లను ఆ గాయం దగ్గర రెండుగా కోసి చూడండి.

గాయానికి ముందు: 68 మ్యాచ్‌లు, 37 గోల్స్.
గాయం తర్వాత, 2004లో క్లబ్ వదిలేదాకా: 148 మ్యాచ్‌లు, 81 గోల్స్.

భాగించి చూసుకోండి, రెండు వైపులా మ్యాచ్‌కి 0.54 దగ్గరే వస్తుంది. తేడా దాదాపు సున్నా. "లీడ్స్‌లోనే ఓవెన్ అయిపోయాడు" అనేవాళ్లకి నేను ముందు చూపించేది ఈ లెక్కే.

పైగా అతని పెద్ద రోజుల్లో చాలావి గాయం తర్వాతివే. 2001 మే 12న కార్డిఫ్‌లో ఎఫ్ఏ కప్ ఫైనల్. మ్యాచ్ అంతా ఆర్సెనల్‌దే పైచేయి, 72వ నిమిషంలో యుంగ్‌బెర్గ్ గోల్ కొట్టాడు. ఓవెన్ 83వ నిమిషంలో ఒకటి, 88లో ఇంకోటి కొట్టి కప్పు లాక్కెళ్లాడు. రెండో గోల్‌కి బెర్గర్ పొడుగ్గా వేసిన బంతి వెనక పరుగెత్తి లీ డిక్సన్‌ని, టోనీ ఆడమ్స్‌ని వదిలించుకుని ఎడమకాలితో అవతలి మూలకి జార్చాడు. ఒకప్పుడు ఎడమకాలు అతని బలహీనత అనేవారు. ఆ ఏడాది లివర్‌పూల్ లీగ్ కప్, ఎఫ్ఏ కప్, యూఈఎఫ్ఏ కప్ మూడూ గెలిచింది. సెప్టెంబర్ 1న మ్యూనిక్‌లో జర్మనీని ఇంగ్లండ్ 5-1తో ఓడించింది, గోల్‌లో ఒలివర్ కాన్ ఉండగా ఓవెన్ హ్యాట్రిక్ కొట్టాడు. ఆ డిసెంబర్‌లో బాలన్ డోర్. 1979లో కెవిన్ కీగన్ తర్వాత ఇంగ్లండ్‌కి మళ్లీ అప్పుడే వచ్చింది.

మరి ఆ రోజు నుంచి మునుపటి ఆటగాడిని కాదని అతను చెప్పేది అబద్ధమా? కాదు. అంకెలూ నిజమే, అతని బాధా నిజమే. గోల్ ఎలా కొట్టామన్నది లెక్కల్లోకి రాదు కదా. మైదానం మధ్య నుంచి బంతితో పరుగెత్తి నలుగురిని దాటే గోల్స్ రానురాను తగ్గాయి. వాటి స్థానంలో బాక్స్‌లో సరైన చోట నిలబడటం, డిఫెండర్ తల తిప్పిన క్షణంలో కదలడం, రెండు కాళ్లతో ముగించడం వచ్చాయి. మధ్యమధ్యలో హామ్‌స్ట్రింగ్ మళ్లీ మళ్లీ పట్టేస్తూనే ఉండేది. ఒకసారి చిరిగిన హామ్‌స్ట్రింగ్ మళ్లీ చిరిగే అవకాశం చాలా ఎక్కువ. పాత గాయాన్ని మించిన ప్రమాద సంకేతం ఇంకోటి లేదు, ఇది మా పనిలో రోజూ కనిపించే సంగతి.

మాడ్రిడ్ గురించి ఎక్కువ చెప్పను. 2004 ఆగస్టులో 80 లక్షల పౌండ్లు, అదనంగా ఒక ఆటగాడిని ఇచ్చి రియల్ మాడ్రిడ్ తీసుకుంది. ముందు రొనాల్డో, రాఉల్ ఉన్నారు కాబట్టి చాలాసార్లు బెంచి మీద నుంచే దిగాడు. అయినా లీగ్‌లో 13 గోల్స్. దాన్ని వైఫల్యం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అతను వెళ్లిన సీజన్‌లోనే లివర్‌పూల్ ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ గెలవడం మాత్రం పాపం దురదృష్టం.

అసలు మలుపు న్యూకాజిల్. 2005 ఆగస్టులో కోటీ అరవై లక్షల పౌండ్లకి పైగా పెట్టి, అప్పటికి క్లబ్ చరిత్రలోనే పెద్ద ధరకి కొన్నారు. ఆ సీజన్ లీగ్‌లో అతను ఆడింది 11 మ్యాచ్‌లు, కొట్టింది 7 గోల్స్. అంటే లివర్‌పూల్ రోజుల కంటే మెరుగైన జోరు! ఆరున్నరేళ్ల కిందటే "అయిపోయిన" ఆటగాడి లెక్క ఇది. 2005 డిసెంబర్ 31న టాటెన్‌హామ్‌తో మ్యాచ్‌లో గోల్‌కీపర్‌తో ఢీకొని పాదంలో మెటటార్సల్ ఎముక విరిగింది. ఢీకొట్టి విరిగిన ఎముకకి పాత హామ్‌స్ట్రింగ్‌తో సంబంధం లేదు. అది నూటికి నూరుపాళ్లు దురదృష్టమే.

ఆ పాదం మానీ మానకముందే 2006 ప్రపంచకప్. జూన్ 20న కొలోన్‌లో స్వీడన్‌తో మ్యాచ్ మొదలైన మొదటి నిమిషంలోనే కుడి మోకాలు మెలితిరిగింది. పక్కన ఎవరూ లేరు. పాకుతూ గీత దాటి బయటికి వచ్చాడు. మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్ తెగింది, దాదాపు ఏడాది పోయింది. 2006-07 లీగ్‌లో అతను ఆడినవి మూడే మూడు మ్యాచ్‌లు.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట. హామ్‌స్ట్రింగ్ కండరాలు ఏసీఎల్‌కి కాపలా కాస్తాయి, మోకాలి కింది ఎముక ముందుకి జారకుండా పట్టి ఉంచుతాయి. అందుకని "1999 గాయమే 2006 మోకాలిని కూడా తీసింది" అని గొలుసు కట్టేయడం తేలిక. నేను ఆ పని చేయను. ఆర్నెల్లుగా పెద్దగా మ్యాచ్‌లు లేని కాలు, సరిపడా ఆడకుండానే ప్రపంచకప్‌లోకి దిగడం, ఈ రెండే చాలు మోకాలికి ముప్పు తేవడానికి. సుదీర్ఘ విరామం తర్వాత నేరుగా పెద్ద టోర్నీకి వెళ్లిన ఆటగాళ్లను చూసినప్పుడల్లా నాకు టెన్షన్ ఈ మోకాలి గురించే.

ఇప్పుడు ఇంకో లెక్క. మ్యాచ్‌కి ఎన్ని గోల్స్ అన్నది పక్కన పెట్టి, ఎన్ని మ్యాచ్‌లకి అందుబాటులో ఉన్నాడు అని చూడండి. హామ్‌స్ట్రింగ్ తెగాక కూడా లివర్‌పూల్‌లో ఐదు సీజన్లలో ఉన్న 190 లీగ్ మ్యాచ్‌ల్లో 148 ఆడాడు. న్యూకాజిల్‌లో నాలుగు సీజన్లకి 152 ఉంటే 71. మాంచెస్టర్ యునైటెడ్‌లో మూడు సీజన్లకి 114 ఉంటే 31, అవీ ఎక్కువగా చివరి అరగంటలు. స్టోక్‌లో 38కి 8. మీ రెండో ప్రశ్నకి ఇదే నా జవాబు. ఓవెన్‌కి గోల్ కొట్టడం చేతకాకుండా పోలేదు, సీజన్ పొడుగునా వరుసగా ఆడే శరీరం లేకుండా పోయింది. స్ట్రైకర్‌కి వరుస మ్యాచ్‌లు లేకపోతే ఆ చురుకు ఎక్కడి నుంచి వస్తుంది?

2009లో న్యూకాజిల్ కింది డివిజన్‌కి పడిపోయాక, లివర్‌పూల్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ అతన్ని ఉచితంగా తీసుకుని ఏడో నంబర్ జెర్సీ ఇచ్చాడు. లివర్‌పూల్ అభిమానులు ఇప్పటికీ క్షమించలేదు, అది వేరే కథ. ఆ సెప్టెంబర్ 20న మాంచెస్టర్ సిటీ మీద స్కోరు 3-3, అదనపు సమయం కూడా అయిపోవస్తోంది. సహచరుడు గిగ్స్ బంతిని ఎడమవైపు సందులోకి తోశాడు. ఓవెన్ అప్పటికే అక్కడ ఉన్నాడు. ఒక టచ్‌తో ఆపాడు, రెండో టచ్‌తో గోల్‌కీపర్ పక్కగా తోసేశాడు. 4-3. దీన్ని అర్జెంటీనా గోల్ పక్కన పెట్టి చూడండి. అక్కడ అరమైదానం పరుగు, ఇక్కడ నాలుగైదు అడుగులు. రెండూ గోల్సే. కుర్రాళ్లకి నేను రెండోదే ఎక్కువసార్లు చూపిస్తాను.

అయితే కాలు మళ్లీ వదల్లేదు. 2010 ఫిబ్రవరిలో ఆస్టన్ విల్లాతో లీగ్ కప్ ఫైనల్లో గోల్ కొట్టి, అదే మ్యాచ్‌లో హామ్‌స్ట్రింగ్ పట్టుకుని బయటికి వచ్చాడు, సీజన్ పోయింది. 2010-11లో లీగ్ విజేత పతకం దక్కింది, లివర్‌పూల్‌లో అది దక్కలేదు. 2013లో స్టోక్ నుంచి రిటైరయ్యాడు. ప్రీమియర్ లీగ్‌లో 150 గోల్స్, ఇంగ్లండ్‌కి 89 మ్యాచ్‌ల్లో 40. ఇంత చేసినవాడిని మనం "పాపం" అంటున్నాం, చూడండి!

చివరి ఆరేడేళ్లు పూర్తి వేగంతో పరుగెత్తాలంటేనే భయమేసేదని, ఆ ఆట తనది కాదనిపించి ఎప్పుడు మానేద్దామా అని చూశానని అతనే తర్వాత చెప్పాడు. నా అనుభవంలో ఈ మాటకి చాలా బరువుంది. నా దగ్గరికి ఒక వింగర్ వచ్చేవాడు, ఇరవై ఏళ్లు. స్కాన్ శుభ్రంగా ఉంది, బలం పరీక్షలో రెండు కాళ్లూ సమానం. కానీ మ్యాచ్‌లో జీపీఎస్ వెస్ట్ (వేగం కొలిచే జాకెట్) వేసి చూస్తే, పాత అత్యధిక వేగానికి దగ్గరగా కూడా రావట్లేదు. అడిగితే "సార్, కాలు బానే ఉంది, పరుగెత్తేటప్పుడు చెవులు తొడ మీదే ఉంటాయి" అన్నాడు. ఆ భయం పోవడానికి ఉన్న మందు మళ్లీ పూర్తి వేగంతో పరుగెత్తించడమే. మెల్లగా, వారానికి కొంచెం పెంచుతూ, మ్యాచ్ కంటే ముందు ప్రాక్టీస్‌లో.

ఇక మీ అబ్బాయి.

మొదట మ్యాచ్‌ల లెక్క రాయండి. స్కూల్ జట్టు, క్లబ్, జిల్లా జట్టు, ఆదివారం రాత్రి టర్ఫ్ మీద ప్రైజ్ మనీ మ్యాచ్‌లు, అన్నీ. ఒక్కో కోచ్‌కి తన మ్యాచ్‌లే తెలుస్తాయి. మొత్తం ఎంతో తెలిసేది ఇంట్లోవాళ్లకే. మంచి స్ట్రైకర్ అయితే నాలుగు జట్లూ పిలుస్తాయి, వాడు ఎవరికీ కాదనడు. ఏడాదిలో ఒకేసారి కొన్ని వారాలైనా పోటీలు లేకుండా ఉండాలి. ఓవెన్‌కి ఆ రెండేళ్లలో దొరకనిది అదే.

రెండోది, నొప్పి తగ్గడం వేరు, మానడం వేరు. నడిస్తే నొప్పి లేదు కదా అని పదో రోజున మైదానంలో దించేస్తారు. కండ మధ్యలో చిన్న చిరుగైతే కొన్ని వారాల్లో మానుతుంది. టెండన్ దాకా వెళ్లుంటే చాలా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో బామ్ రాసి గట్టిగా మాలిష్ చేయించకండి, చిరిగిన చోట రక్తం ఇంకా పేరుకుంటుంది.

మూడోది పదహారేళ్ల వాళ్లకి ప్రత్యేకం. ఈ వయసులో టెండన్ కంటే అది అతుక్కునే ఎముక అంచు బలహీనంగా ఉంటుంది, ఇంకా పూర్తిగా కలిసి ఉండదు. పెద్దవాళ్లలో కండరం చిరిగే చోట, వీళ్లకి కొన్నిసార్లు కూర్చునే ఎముక దగ్గర చిన్న ముక్క ఊడి వస్తుంది. బయటికి అచ్చం హామ్‌స్ట్రింగ్ పట్టేసినట్టే ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలోనే చాలావరకు దొరుకుతుంది, కానీ "కండ పట్టింది" అనుకుని ఎవరూ తీయించరు.

మానాక నార్డిక్ వ్యాయామం నేర్పించండి. మోకాళ్ల మీద కూర్చుని, మడమలు ఎవరైనా పట్టుకుంటే, ఒళ్లు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకి వాలడం. క్రమం తప్పకుండా చేసిన జట్లలో హామ్‌స్ట్రింగ్ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని అధ్యయనాలు చెప్తున్నాయి. మొదటి వారం తొడలు భయంకరంగా నొప్పెడతాయి, అక్కడే చాలామంది మానేస్తారు. కాబట్టి మ్యాచ్ ముందు రోజు మొదలుపెట్టొద్దు.

నాకు ఒక్క విషయం చెప్పండి. వాడు నొప్పి అని వేలు పెట్టి చూపించేది తొడ మధ్యలోనా, లేక కింద కూర్చున్నప్పుడు గట్టి నేలకి తగిలే ఎముక దగ్గరా? రెండోదైతే మ్యాచ్‌లు, పరుగులు ఆపించి ఈ వారమే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి.